ఎక్స్‌రే పరావర్తనం: కిటుకంతా హారంలోనే

తలం మీంచి తిరిగొచ్చిన కాంతిని, దాని మీద పడిన కాంతితో భాగిస్తే వచ్చేదే పరావర్తకత. నిర్వచనం అంతే. మామూలు గాజుకు వెలుతురు నిటారుగా తగిలితే ఒక్కో తలం నుంచి నూటికి నాలుగు వంతులు వెనక్కొస్తాయి. ఎక్స్‌రేలను అలా నిటారుగా కొడితే తిరిగొచ్చేది లేనట్టే. పదార్థంలో వాటి వక్రీభవన గుణకం ఒకటికి ఇసుమంత తక్కువ. అందుకని తలాన్ని రాసుకుంటూ పోయే కిరణమే దాదాపు పూర్తిగా తిరుగుతుంది. ఆర్థర్ కాంప్టన్ 1923లో చూపింది ఇదే. ఈ పనిలో కోణాన్ని లంబం నుంచి కాక తలం నుంచి కొలవడం కూడా ఇందుకే.

సిలికాన్ పలక మీద పూసిన పలుచని లోహపు పొర మందం తేల్చాలనుకుందాం. రాగి ట్యూబు ఇచ్చే 0.154 నానోమీటర్ల ఎక్స్‌రేలు చాలు.

ముందు పలకను కిందికి దించి, కిరణాన్ని నేరుగా డిటెక్టర్‌లోకి పంపి లెక్క తీసుకుంటారు. దాని ధాటిని తగ్గించడానికి మధ్యలో లోహపు రేకు పెడతారు, అది ఎన్ని రెట్లు తగ్గించిందో రాసుకుంటారు. తరవాత పలకను మెల్లగా పైకి జరిపి, లెక్క సగానికి పడిన చోట ఆపుతారు. అటూ ఇటూ వంచి లెక్క గరిష్ఠమయ్యే వంపు పట్టుకుంటారు. వంపు మారితే ఎత్తు తప్పుతుంది కాబట్టి మళ్లీ ఎత్తు, మళ్లీ వంపు. రెండూ కుదురుకునేదాకా ఇదే తంతు. విసుగు పుట్టించే పనే, కానీ ఇక్కడ తొందరపడితే తరవాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

ఇక స్కాన్. పలక ఎంత తిరిగితే డిటెక్టర్ దానికి రెట్టింపు తిరుగుతుంది. పూర్తి పరావర్తనం ఆగిపోయే సందిగ్ధ కోణం (సిలికాన్‌కు సుమారు 0.22 డిగ్రీలు, బరువైన లోహాలకు ఇంకా ఎక్కువ) దాటగానే తీవ్రత నిట్టనిలువునా పడిపోతుంది. నునుపైన తలానికైతే కోణం రెట్టింపైతే పదహారో వంతే మిగులుతుంది. అందుకే గ్రాఫు లాగరిథమ్ స్కేలు మీద గీస్తారు. ఆ వాలు మీద అలలు కనిపిస్తాయి. పొర పైఅంచు నుంచీ కిందిఅంచు నుంచీ వచ్చిన కిరణాల వ్యతికరణం అది. హైన్జ్ కీసిగ్ 1931లో నికెల్ పొరల్లో వీటిని చూశాడు. పలక కోణంలో అలకూ అలకూ ఎడం 0.11 డిగ్రీలుంటే మందం సుమారు 40 నానోమీటర్లు.

తరవాత డిటెక్టర్‌ను కొద్దిగా పక్కకు జరిపి ఇంకో స్కాన్ చేసి, ఆ నేపథ్యపు లెక్కను తీసేస్తారు.

అసలు చిక్కు హారంలో ఉంది. 0.1 మిల్లీమీటర్ల మందమున్న కిరణం 0.2 డిగ్రీల దగ్గర సాయంకాలపు నీడలా దాదాపు 29 మిల్లీమీటర్లు సాగుతుంది. పలక పొడవు 20 మిల్లీమీటర్లే అయితే మూడో వంతు దాకా పలకను తాకనే తాకదు. సుమారు 0.29 డిగ్రీలు దాటాకే కిరణమంతా దాని మీద ఇముడుతుంది. హారంలో మొత్తం కిరణాన్ని వేసేస్తే, ఒకటి దగ్గర చదునుగా నిలవాల్సిన గీత కిందనుంచి ఎగబాకుతూ కనిపిస్తుంది. అందుకే ప్రతి కోణానికీ నిజంగా పలకకు తగిలిన వంతునే లెక్కలోకి తీసుకోవాలి.

చివరగా లైమన్ పారట్ 1954లో ఇచ్చిన పద్ధతితో గీతను సరిపోల్చి మందం, సాంద్రత, గరుకుతనం రాబడతారు. పొర సాంద్రత ఆ లోహపు ముద్ద సాంద్రతను మించిపోయిందా, మొదట అనుమానించాల్సింది పలక వంపునే.