మంచు క్రింద మార్గము

నడిసముద్రమున ఓడ నడపు నావికుడు పగలు సూర్యుని, రాత్రి నక్షత్రములను చూచి తానున్న చోటును నిర్ణయించుకొనుట పూర్వకాలము నుండి వచ్చుచున్న పద్ధతి. నేడు ఆ పనిని ఉపగ్రహములు చేయుచున్నవి. అవి పంపు రేడియో సంకేతములను అరచేతిలో ఇమిడెడి పరికరము సైతము గ్రహించి, మనమున్న తావును కొద్ది మీటర్ల తేడాతో తెలుపగలదు. కాని అదే పరికరమును సముద్రములో ముంచినచో ఏమియు తెలుపజాలదు. ఉప్పునీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించును. అందువలన ఆ సంకేతముల శక్తిని నీరు పైపొరలోనే హరించివేయును. వెలుతురు సైతము కొన్ని వందల అడుగుల లోతునకు పోవునప్పటికి క్షీణించిపోవును. ఆ చీకటిలో సంచరించు జలాంతర్గామికి కిటికీలైనను ఉండవు. విశాఖపట్టణపు సముద్రతీరమున ప్రదర్శనకు ఉంచిన కురుసుర జలాంతర్గామి లోపలికి పోయి చూచినవారికి ఈ సంగతి తెలిసియే యుండును. అట్టి ఉక్కుగొట్టములో కూర్చున్న నావికుడు తానెచ్చట నున్నాడో ఎట్లు తెలిసికొనును?

ఈ ప్రశ్న ప్రాణములతో ముడిపడిన సందర్భ మొకటి 1957లో సంభవించెను. అమెరికా నౌకాదళమునకు చెందిన నాటిలస్ ప్రపంచములోని మొదటి అణుశక్తి జలాంతర్గామి. దాని యంత్రములకు గాలితో పనిలేదు గనుక అది దినముల తరబడి నీటి అడుగుననే ప్రయాణము చేయగలదు. కమాండరు విలియం ఆండర్సన్ దానిని ఆ సంవత్సరము ఉత్తర ధ్రువము వైపు మంచు క్రిందుగా నడిపించెను. ధ్రువమింక రెండువందల మైళ్ల లోపున ఉన్నదనగా, విద్యుత్తు సరఫరాలో లోపము కలిగి ఓడలోని జైరో దిక్సూచులు చెడిపోయెను. అయస్కాంతపు దిక్సూచి ఉన్నను ఆ ప్రాంతమున దానిని నమ్మరాదు. అచ్చట భూమి అయస్కాంతశక్తి ముల్లును ప్రక్కకు గాక క్రిందికి లాగును. పైగా రేఖాంశము లన్నియు ధ్రువము నొద్ద ఒక్క బిందువున కలియుచున్నవి. అచ్చట కొలది మైళ్లు ప్రక్కకు జరిగినను ఎన్నో రేఖాంశములను దాటినట్లగును. దక్షిణమునకు పోవుచున్నామనుకొని బహిరంగ సముద్రమునకు మారుగా గ్రీన్లాండు తీరమునకో, కెనడా తీరమునకో పోయి తగులుకొనవచ్చును. పైకి వచ్చి నక్షత్రములను చూతమన్న నెత్తిన మంచు కప్పు. ఈ దుస్థితికి ఆండర్సన్ పెట్టిన పేరు రేఖాంశముల జూదము. ఆ పర్యాయము వారు ధ్రువము నాశ విడిచి, ఎట్లో వెనుకకు మరలి బయటపడిరి.

దిక్కు తెలియని నావికునకు లెక్క ఒక్కటే ఆధారము. బయలుదేరిన చోటు తెలిసి, ఏ దిక్కుగా, ఎంత వేగముతో, ఎంతసేపు ప్రయాణించినదియు తెలిసినచో ఇప్పుడున్న చోటు తెలియును. గంటకు 10 మైళ్ల చొప్పున 6 గంటలు పోయిన ఓడ 60 మైళ్లు పోయినట్లే గదా! కాని దిక్కు ఒక్క డిగ్రీ తప్పిన, ఆ 60 మైళ్లకు ఓడ ఒక మైలు ప్రక్కకు తొలగును. అదిగాక, సముద్రపు నీరే ప్రవాహముగా కదలుచుండును. నీటితోపాటు తానును కొట్టుకొనిపోవు ఓడకు ఆ కదలిక తెలియదు. ఇట్లు తప్పు తప్పుతో చేరి పెరుగుచుండును.

నీటిని గాని ఆకాశమును గాని చూడకయే తన కదలికను తానే కొలుచుకొను యంత్రమున్నచో ఎంత మేలు! కన్నులు మూసికొని బస్సులో కూర్చున్నవానిని తలచుకొనుడు. బస్సు కదలగానే వాని వీపు వెనుకకు ఆనును. ఆగునప్పుడు ఒడలు ముందునకు తూలును. మలుపు తిరిగినప్పుడు ప్రక్కకు ఒరుగును. ఈ తూలుటలను, ఒరుగుటలను ఖచ్చితముగా కొలిచి, అవి ఎంతసేపు ఉన్నవో లెక్కించినచో బస్సు వేగమును, దానినుండి పోయిన దూరమును కనుగొనవచ్చును. ఈ సూత్రముతో పనిచేయు యంత్రములో త్వరణమును కొలుచు పరికరములు ఒక పీఠముపై అమర్చబడి యుండును. వడిగా తిరుగు బొంగరము ఒరగక నిలుచునట్లు, మిక్కిలి వేగముతో తిరుగు జైరోస్కోపులు ఆ పీఠమును, ఓడ ఎట్లు ఊగినను, చెదరకుండ నిలుపును. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుచున్నది గనుక ఆ భ్రమణమును కూడ యంత్రము లెక్కలోనికి తీసికొనవలెను. ఒక క్షిపణి కొరకు తయారైన ఇట్టి యంత్రమును 1958లో నాటిలసులో అమర్చిరి.

ఆ ఏడు జూన్ నెలలో చేసిన ప్రయత్నము ఫలింపలేదు. అలాస్కాకు ఆవల చుక్చీ సముద్రము లోతు తక్కువ. పైనుండి క్రిందికి దిగిన మంచునకును, అడుగున నేలకును నడుమ ఓడ దూరుటకు చాలినంత ఎడము లేకపోయెను. ఆండర్సన్ వెనుకకు మరలెను. మంచు కొంత కరగు వరకు వేచియుండి, జూలై 23న హవాయి దీవులలోని పెర్ల్ హార్బరు నుండి మరల బయలుదేరెను. ఆగస్టు 1న అలాస్కా ఉత్తరపు కొన యొద్ద లోతైన కందకము నొకదానిని పట్టుకొని నాటిలస్ మంచు క్రిందికి పోయెను. అందు 116 మంది ఉండిరి.

ఈసారి వారికి తోడైనది ధ్వని. నీరు రేడియోను మ్రింగివేయును గాని ధ్వనిని మోసికొనిపోవును. గాలిలో సెకండుకు 340 మీటర్లు పోవు ధ్వని సముద్రములో సుమారు 1500 మీటర్లు పోవును. ఓడనుండి క్రిందికి పంపిన ధ్వని నేలను తాకి 4 సెకండ్లకు మరలివచ్చినచో, రాకపోకలకు రెండేసి సెకండ్లు. కావున నేల 3000 మీటర్ల దిగువ నున్నదని అర్థము. నాటిలస్ క్రిందికే గాక పైకి కూడ ధ్వనిని పంపి మంచు అడుగుభాగపు ఎత్తుపల్లములను కాగితముపై గీయించుచు సాగెను. ధ్రువము సమీపించిన కొలదిని జైరోలకు అలజడి కలుగకుండ ఓడను మెల్లమెల్లగా మాత్రమే త్రిప్పుచుండిరి.

ఆగస్టు 3వ తేదీ రాత్రి 11 గంటల 15 నిమిషములకు, వాషింగ్టన్ కాలమానము ప్రకారము, నాటిలస్ ధ్రువబిందువును దాటెను. అచ్చట సముద్రము లోతు 13,410 అడుగులు. ఇట్లు 96 గంటలలో 1,830 మైళ్లు మంచు క్రింద గడచిన పిదప, 5వ తేదీన గ్రీన్లాండుకు ఈశాన్యమున మంచులేని సముద్రములో ఓడ తేలెను. అటుపిమ్మట గాని వారి రేడియోవార్త లోకమునకు అందలేదు.

జలాంతర్గాములకు దారి చూపుటకై అమెరికావారు 1960 నుండి ఉపగ్రహములను పంపిరి. అయినను వాని సంకేతమును అందుకొనుటకు ఓడ తన ఏరియలునైనను నీటిపైకి ఎత్తక తప్పదు. లోతున పాతపద్ధతులే మెరుగుపడి సాగుచున్నవి. నేడు మనుష్యులు లేక తిరుగు చిన్న యంత్రనౌకలు నేలవైపు ధ్వనిని పంపి, మరలివచ్చిన ధ్వని స్వరములోని మార్పునుబట్టి తమ వేగమును కనుగొనుచున్నవి. దగ్గరకు వచ్చు రైలు కూత హెచ్చుస్వరముగను, దూరమగుచున్న రైలు కూత తగ్గుస్వరముగను వినవచ్చునట్టిదే ఇదియు. కొన్నిచోట్ల సముద్రపు నేలమీద ముందుగనే పలుకుపెట్టెలను దించి వాని స్థానములను కొలిచియుంచుదురు. యంత్రనౌక పిలిచినచో ఒక్కొక్క పెట్టెయు బదులు పలుకును. ఆ బదులు ఎంతసేపటికి వచ్చినదో చూచి, మూడు పెట్టెల దూరములు తెలిసికొని, అది తన చోటును గుర్తించుకొనును. పెట్టెలు లేనిచోట లెక్కలో తప్పు పెరిగినదని తోచినచో పైకి తేలి, ఏరియలును గాలిలోనికి ఎత్తి, ఉపగ్రహముల నడిగి లెక్కను సరిదిద్దుకొని మరల మునుగును.