శోషరస గ్రంథులలో శీఘ్రంగా పెరిగే క్యాన్సరు

క్యాన్సరుకు తెలుగులో 'రాచపుండు' అనే పేరున్నది. మా ఇళ్ళలో వినిపించే ఉర్దూ మాట 'సర్తాన్'. సర్తాన్ అంటే ఎండ్రకాయ. లాటిన్ పదమైన క్యాన్సరుకూ అర్థం అదే. పేరు ఒకటే అయినా వ్యాధి ఒకటి కాదు. శోషరస వ్యవస్థలో పుట్టేదానిని లింఫోమా అంటారు.

రక్తనాళాలకు తోడుగా మన దేహంలో మరొక నాళాల అల్లిక ఉన్నది. కణజాలాల నడుమ మిగిలిన ద్రవాన్ని అది తిరిగి రక్తంలోనికి చేరుస్తుంది. ఆ మార్గంలో మెడ, చంకలు, గజ్జలు, ఉదరం మొదలైన చోట్ల చిక్కుడు గింజలవంటి గ్రంథులుంటాయి. కాలికి పుండైనప్పుడు గజ్జలో 'బిళ్ళ కట్టింది' అని పెద్దలనేది వీటి వాపునే. వీటిలోని లింఫోసైట్లనే తెల్లకణాలు రోగక్రిములతో పోరాడుతాయి. వాటిలో ఒకటి అదుపుతప్పి విభజన చెందుతూ పోతే లింఫోమా ఏర్పడుతుంది.

కొన్ని లింఫోమాలు ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. మరికొన్నింటికి వారాలే చాలు. ఈ రెండవ కోవలో అత్యంత వేగవంతమైనది బర్కిట్ లింఫోమా. దాని కణసంఖ్య ఒకటి రెండు రోజులలోనే రెట్టింపు కాగలదు. 1957లో ఉగాండా రాజధాని కంపాలాలో డెనిస్ బర్కిట్ అనే ఐర్లండు శస్త్రవైద్యుడు దవడలు వాచిన ఒక బాలుని చూశాడు. అటువంటి పిల్లలు మరికొందరు కనిపించగా 1958లో ఆ వ్యాధిని వర్ణించి ప్రకటించాడు. 1961లో ఇద్దరు మిత్రులతో పాత మోటారుకారులో సుమారు పదివేల మైళ్ళు తిరిగి, వేడి, వాన, మలేరియా అధికంగా ఉన్న పల్లపు ప్రాంతాలలోనే ఇది ఎక్కువని గ్రహించాడు. అదే ఏడు లండనులో ఆయన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, 1964లో సహచరులతో కలిసి ఆ కంతి కణాలలో ఒక వైరస్‌ను కనుగొన్నాడు. ఆ వైరస్ లోకంలో అత్యధికుల దేహాలలో ఉన్నదే. కనుక అదొక్కటే కారణం కాజాలదు. ఎనిమిదవ క్రోమోజోములోని ఒక జన్యువు స్థానం మారడమే కణవిభజనకు పగ్గాలు తెంచుతున్నదని 1982లో తేలింది.

ఇక విచిత్రమైన సంగతి. ఇంత వేగంగా పెరిగే కంతి మందులకు అంత త్వరగానూ లొంగుతుంది. ఔషధాలు ముఖ్యంగా విభజన చెందుతున్న కణాలనే దెబ్బతీస్తాయి. నెమ్మదిగా పెరిగే లింఫోమాలో చాలా కణాలు నిద్రాణంగా ఉండి తప్పించుకుంటాయి. అందుచేత దానిని అదుపులో ఉంచగలిగినా నిర్మూలించడం కష్టం. చికిత్సా వసతులున్న దేశాలలో బర్కిట్ లింఫోమా సోకిన పిల్లలలో పదింట తొమ్మిదిమంది కోలుకుంటున్నారు. అయితే ఒక్కసారిగా చచ్చిన కణాలనుండి వెలువడే పొటాషియం, యూరిక్ ఆమ్లం మూత్రపిండాలను, గుండెను దెబ్బతీయవచ్చు. అందుకే ముందుగా సెలైను ఎక్కించి, రక్తపరీక్షలు చేస్తూ మందులిస్తారు.

మన దేశంలో ఒక చిక్కున్నది. మెడలో బిళ్ళలు కట్టడానికి క్షయ తరచుగా కారణమవుతుంది. దానినే గండమాల అంటారు. జ్వరం, రాత్రి చెమటలు, చిక్కిపోవడం రెండింటిలోనూ కనిపిస్తాయి. బిళ్ళలన్నీ క్యాన్సరు కావు; చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. కానీ నొప్పి లేకుండా రోజురోజుకూ పెరిగే బిళ్ళను పరీక్షించకుండానే క్షయమందులు మొదలుపెట్టి, నెల చూద్దామనడం సరికాదు. గ్రంథిని లేదా అందులో ముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తేనే ఏ వ్యాధియో తేలుతుంది. రెండు రోజులకు రెట్టింపయ్యే కంతి నెలరోజులలో పదిహేను సార్లు రెట్టింపు కాగలదు.