పక్కవాద్యంలో గడిచిన ఏళ్లు

ఉద్దానంలో కొబ్బరి మొక్క నాటిన రైతు కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని పడగొట్టాక కూడా మళ్లీ మొక్కలు నాటినవాళ్లున్నారు. అలాంటి ఇళ్ల పిల్లలు ఉద్యోగంలో చేరి రెండేళ్లు నిండకుండానే ‘ఇంకా ఒకరి కిందే ఉన్నాం’ అని కుంగిపోతుంటే నాకు దిగులేస్తుంది. వాళ్లకు ద్వారం వెంకటస్వామినాయుడు గారి గురించి చెప్పాలి.

1893లో పుట్టారు. చూపు మందం. అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే ఆచార్యుడిగానే తీసుకున్నారని చెబుతారు. అంత విద్వత్తు ఉన్నా తొలి సోలో కచేరీ 1938లో, వెల్లూరులో. అప్పటికి ఆయనకు నలభై దాటాయి.

అంతవరకూ కచేరీల్లో వయొలిన్ అంటే ప్రధానంగా పక్కవాద్యమే. అదేమంత తేలిక పని కాదు. గాయకుడు రాగం ఎత్తుకుంటే వెన్నంటి నడవాలి, మింగేయకూడదు. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఏ స్వరం మీద నిలుస్తారో ముందే పసిగట్టాలి. స్వరకల్పనలో ఆయన విసిరినదానికి అక్కడికక్కడే జవాబివ్వాలి. వినడంలో ఇంతకన్నా గట్టి శిక్షణ నాకు తెలియదు. ద్వారం వారి కమానులో పలికే గాత్రపు నిండుదనానికి ఈ వినికిడే ప్రాణమని నా నమ్మకం.

పాశ్చాత్య వాద్యబృందంలో చెల్లోదీ చాలావరకు ఆసరా ఇచ్చే పాత్రే. చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌కు పదమూడేళ్లప్పుడు, 1890లో, బార్సిలోనా దుకాణంలో చెల్లో ఒక్కటే వాయించేలా బాఖ్ రాసిన సూట్ల ప్రతి దొరికింది. వాటిని పన్నెండేళ్లు సాధన చేశాకే సభలో వినిపించారు.

టెక్కలి కోర్టులో జూనియర్ లాయరైనా, పలాస జీడిపప్పు పరిశ్రమలో గుమాస్తా అయినా ఇలా పక్కనుండి విని నేర్చుకునే సాధన చేయవచ్చు. కోపంగా వచ్చిన మనిషికి మీ పెద్దాయన మొదట ఏ మాట అన్నారు? బేరం ఎక్కడ ఆపారు? ఆ రాత్రే ఒక పుస్తకంలో రాసుకోండి. మీరైతే ఏమనేవారో పక్కనే రాయండి. కొన్నాళ్లకు, ఒక చిన్న పని పూర్తిగా మీకే వదలమని అడగండి.

ఏమీ నేర్పనిచోట ఓర్చుకుని పడి ఉండమని మాత్రం అనను. ఆ పుస్తకంలో నెలల తరబడి కొత్తగా రాయడానికి ఏమీ దొరకకపోతే, ఇంకో గురువును వెతుక్కోండి.