విండో కదలకుండ నిలుపుట ఎట్లు?

2018వ సంవత్సరమున తెలంగాణ ఎంసెట్ మొదటిసారిగా కాగితమును విడిచి కంప్యూటరు తెర మీదికి వచ్చినది. 2024 నుండి ఈఏపీసెట్ అను పేరుతో జరుగుచున్న ఆ ప్రవేశ పరీక్షలో ఇంజనీరింగు విద్యార్థులకు 160 ప్రశ్నలు, 180 నిమిషముల కాలము. అనగా ఒక్కొక్క ప్రశ్నకు లభించునది 67న్నర సెకన్లు మాత్రమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పల్లెల నుండి వచ్చు విద్యార్థులలో మౌస్ పట్టుట అంతగా అలవాటు లేనివారు నేటికిని గలరు. అట్టివారి చేయి జారి, ప్రశ్నపత్రమున్న విండో తెర అంచును దాటిపోయి, సమాధానమును భద్రపరచు బటన్ కనబడకుండ పోయెననుకొందము. దానిని వెదకి వెనుకకు లాగుటకు ఐదు నిమిషములు పట్టినచో నాలుగు ప్రశ్నల కాలము చేజారినట్లే. కావుననే పరీక్షల కొరకు వ్రాయు ప్రోగ్రాములలో విండోను కదలకుండ బిగించి ఉంచుట ఆచారమైనది. స్విట్జర్లాండులోని జ్యూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయమున రూపొందిన సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ ఇట్టి సాధనములలో పేరెన్నికగన్నది.

అంత పెద్ద సాధనము మన కళాశాల ప్రయోగశాలకు అన్నివేళల అవసరముండదు. మాదిరి పరీక్ష, హాజరు నమోదు, గ్రంథాలయములో పుస్తకము వెదకుట వంటి చిన్న పనులకు చిన్న స్క్రిప్టు చాలును. అట్టి స్క్రిప్టులు వ్రాయుటకు రెండు ఉచిత భాషలు ప్రసిద్ధములు. మొదటిది జొనాథన్ బెన్నెట్ 1999లో వెలువరించిన ఆటోఇట్. రెండవది క్రిస్ మాలెట్ 2003లో ప్రారంభించిన ఆటోహాట్‌కీ. ఈ రెండింటిలోను విండోను నిలుపు విధానము ఒక్కటే. ఏలయన ఆ కిటుకు భాషలో లేదు, విండోస్ వ్యవస్థలోనే ఉన్నది.

విండో ఎట్లు కదలును?

ఒక చిత్రమైన విషయము. 1985లో వచ్చిన మొదటి విండోస్‌లో ప్రోగ్రాముల విండోలు ఒకదానిపై ఒకటి పరచుటకు వీలు లేదు. గచ్చు మీది బండల వలె ప్రక్కప్రక్కనే అమరియుండెడివి. వాటిని ఇష్టము వచ్చినచోటికి లాగి ఒకదానిపై ఒకటి ఉంచుకొను స్వేచ్ఛ 1987లో వచ్చిన రెండవ విండోస్‌తో లభించినది. ఆ స్వేచ్ఛనే నేడు కొన్ని సందర్భములలో మనము వెనుకకు తీసికొనుచున్నాము. కనుక అది ఎట్లు పనిచేయునో ముందు తెలిసికొనవలెను.

మనము శీర్షిక పట్టీని పట్టి లాగినపుడు విండో తనంతట తానుగా కదలదు. దానికి ముందు వ్యవస్థకును విండోకును మధ్య సంభాషణ వంటిది జరుగును. మౌస్ బాణము విండోపైకి రాగానే వ్యవస్థ 132వ సంఖ్యగల సందేశమును పంపి, “ఈ బిందువు నీలో ఏ భాగము?” అని ప్రశ్నించును. లోపలి భాగమైన 1 అనియు, శీర్షిక పట్టీయైన 2 అనియు విండో సమాధానమిచ్చును. సమాధానము 2 అయి, మౌస్ మీట నొక్కబడినచో, 274వ సంఖ్యగల మరియొక సందేశము బయలుదేరును. దానితోపాటు ఏ పని చేయవలెనో తెలుపు సంఖ్య వచ్చును. కదలుటకు ఆ సంఖ్య 61456. ఆ పిమ్మట, విండో స్థానము మారబోవునపుడు 70వ సందేశము వచ్చును. ప్రశ్న, ఆజ్ఞ, ఆచరణ అను ఈ మూడు దశలు గుర్తుండిన చాలును. తక్కిన పాఠమంతయు వీనిలోనే ఇమిడియున్నది.

చేయరాని పద్ధతి

క్రొత్తగా నేర్చుకొనువారు సాధారణముగ ఒక టైమరును పెట్టుదురు. సెకనుకు పదిసార్లు విండో ఎచ్చటనున్నదో చూచి, కదలినచో పాత చోటికి తెచ్చుట వారి ఉపాయము. ఫలితముగా వినియోగదారుడు లాగుచుండును, స్క్రిప్టు వెనుకకు గుంజుచుండును, విండో వణకుచుండును. ఇది చెరువు తూము మూయక, పొలములోనికి పారిన నీటిని కడవలతో తోడి తిరిగి చెరువులో పోయుట వంటిది. నీటిని ఆపవలసినది తూము వద్ద. విండోను ఆపవలసినది ఆజ్ఞ వద్ద.

నాలుగు మార్గములు

మొదటిది, శీర్షిక పట్టీ లేకుండ విండోను సృష్టించుట. పట్టుకొనుటకు పట్టీయే లేనప్పుడు మౌస్‌తో లాగుట సాధ్యము కాదు. తెర యంతయు నిండు పరీక్షా విండోకు ఇది తగినది. కాని పట్టీతోపాటు ప్రోగ్రాము పేరు, మూసివేయు గుర్తు కూడ పోవును. వానికి బదులుగా మనమే లోపల బటన్లు అమర్చవలెను.

రెండవది, విండో మెనూలోని “కదుపు” అను అంశమును తొలగించుట. ఆల్ట్, స్పేస్ మీటలు కలిపి నొక్కిన తెరచుకొను చిన్న మెనూ ఇది. గెట్‌సిస్టమ్‌మెనూ అను ఫంక్షనుతో ఆ మెనూను పట్టుకొని, డిలీట్‌మెనూ అను ఫంక్షనుకు 61456 సంఖ్య నిచ్చినచో ఆ అంశము పోవును. అంశము పోయినంతనే పట్టీని పట్టి లాగుటయు ఆగిపోవును. రెండు వరుసలలో ముగియునది గనుక ప్రారంభకులకు ఇదియే సులభము. గెట్‌సిస్టమ్‌మెనూను రెండవ విలువ 1గా మరల పిలిచినచో మెనూ యథాస్థితికి వచ్చును.

మూడవది, 274వ సందేశమును మధ్యలో పట్టుకొనుట. ఇందుకు ఆటోఇట్‌లో జీయూఐరిజిస్టర్‌మెసేజ్, ఆటోహాట్‌కీలో ఆన్‌మెసేజ్ అను ఫంక్షనులు కలవు. వచ్చిన పని సంఖ్య 61456 అయినచో 0 అను సమాధానమిచ్చి ఆపివేయవలెను. మరే సంఖ్యయైనను అడ్డు చెప్పక పోనీయవలెను.

నాలుగవది, 70వ సందేశము వచ్చినపుడు “స్థానము మార్చవలదు” అను గుర్తును, అనగా 2 విలువగల జెండాను, సందేశముతో వచ్చిన పట్టికలో చేర్చుట. ఇది అన్నిటికంటె కఠినమైన బంధము. మౌస్ గాని, మీటలు గాని, తుదకు మన స్క్రిప్టు గాని విండోను కదపలేవు. కనిష్ఠ పరచుట కూడ వ్యవస్థ దృష్టిలో విండోను కనబడని చోటికి జరుపుటయే కనుక, ఈ మార్గమున ఆ పని చెడకుండ ప్రత్యేకముగ పరీక్షించి చూడవలెను.

సామాన్య అవసరములకు రెండవది లేక మూడవది శ్రేష్ఠము. వినియోగదారుని మాత్రమే ఆపి, స్క్రిప్టుకు విండోను కదపు అధికారము మిగుల్చును.

రెండు మెలకువలు

మూడవ మార్గములో ఒక చిక్కు కలదు. మెనూ ద్వారా వచ్చిన ఆజ్ఞ 61456గా వచ్చును గాని, పట్టీని లాగినపుడు వచ్చునది 61458. మిగులు 2 ఎక్కడిది? శీర్షిక పట్టీని తెలుపు సంఖ్యయే అది. వ్యవస్థ తన స్వంత అవసరమునకు చివరి నాలుగు బిట్లను వాడుకొనును. కావున వచ్చిన సంఖ్యను 16తో భాగించి, శేషమును తీసివేసిన పిమ్మటనే పోల్చవలెను. 61458లో శేషము 2 తీసివేసిన 61456 మిగులును. 65520తో బిట్ల వారీగా ‘అండ్’ చేసినను ఇదే ఫలితము. ఈ లెక్క మరచినవారి స్క్రిప్టు మెనూను మాత్రమే ఆపును, మౌస్‌ను ఆపదు.

రెండవ మెలకువ. 274వ సందేశమునంతటిని తడవి చూడక ఆపినచో కదలుటతోపాటు కనిష్ఠ పరచుట, గరిష్ఠ పరచుట, మూసివేయుట కూడ ఆగిపోవును. ఏలయన అవన్నియు ఆ సందేశముతోనే వచ్చును. మూసివేయుటకు పని సంఖ్య 61536. దొంగ నొక్కని ఆపుటకు ఊరి దారి యంతయు మూయరాదు గదా!

ఉర్దూ విండో సంగతి

మన కళాశాలలో తెలుగుతోపాటు ఉర్దూ మాధ్యమమును కలదు గనుక ఒక విషయము ప్రత్యేకముగ చెప్పవలెను. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగు లిపి. విండోను సృష్టించునపుడు 4194304 అను అదనపు శైలి సంఖ్యను చేర్చినచో విండో అద్దములోని ప్రతిబింబము వలె మారును. ప్రోగ్రాము పేరు కుడివైపునకును, మూసివేయు గుర్తు ఎడమవైపునకును చేరును. లోపలి కొలతలు కూడ కుడి మూల నుండి లెక్కింపబడును. “కుడి చివర నున్నది మూసివేయు గుర్తు, తక్కిన దంతయు పట్టీ” అని కొలతలను నమ్మి వ్రాసిన స్క్రిప్టు ఇచ్చట తప్పక తప్పును. పైన చెప్పిన మార్గములు కొలతలను గాక సందేశములను, పనుల సంఖ్యలను ఆధారము చేసికొన్నవి గనుక తెలుగు విండోలోను ఉర్దూ విండోలోను ఒకే విధముగ పనిచేయును. ఇరుభాషల విద్యార్థులకు ఒకే స్క్రిప్టు చాలును.

అలుగు లేని చెరువు

నల్లగొండ ప్రక్కన పానగల్లు ఉదయసముద్రము వంటి చెరువులు కట్టిన మన పూర్వులు కట్టతో ఊరకుండలేదు. మిగులు నీరు పోవుటకు అలుగు కూడ ఏర్పరచిరి. అలుగు లేని చెరువు మొదటి పెద్దవానకే తెగును. విండోను బిగించు ప్రోగ్రామరుకును ఈ వివేకము అవసరము.

ఉదాహరణకు, 1366 × 768 కొలతగల తెర మీద కుడి అంచున నిలిపిన విండో ఉన్నదనుకొందము. ప్రొజెక్టరు తగిలించుటతో తెర 1024 × 768కు తగ్గినచో విండో కొంత భాగము తెర బయట ఉండిపోవచ్చును. కదలించుకొను వీలు వినియోగదారునికి లేదు. ఆ వీలును తీసివేసినది మనమే. కావున తెర కొలత మారినపుడు వచ్చు 126వ సందేశమును విని, విండోను స్క్రిప్టే మరల తెర నడుమకు తేవలెను. నాలుగవ మార్గము నవలంబించినచో ఆ క్షణమున మాత్రము బంధమును సడలింపవలెను. కనిష్ఠ పరచు గుర్తును, మూసివేయు దారిని ఉంచవలెను. పరీక్షలో అవి పనికిరావనుకొన్న, పర్యవేక్షకునికి మాత్రమే తెలిసిన మీటల కలయికనైన ఉంచవలెను.

మరియొక భ్రమను తొలగించుకొనుట మంచిది. కదలని విండో పరీక్షకు కాపలాదారు కాదు. ఆల్ట్, ట్యాబ్ మీటలతో విద్యార్థి మరొక విండోకు పోవచ్చును. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటల కలయికను సాధారణ ప్రోగ్రాము ఏదియు ఆపజాలదు. విండోను నిలుపుట పొరపాటున జరుగు నష్టమును నివారించుటకే గాని, మోసమును అరికట్టుటకు కాదు. ఆ పని పర్యవేక్షకునిది. కళాశాల కమిటీవారు మాదిరి పరీక్షలకు ఇట్టి స్క్రిప్టులను వాడదలచినచో ఈ భేదమును గమనింపగలరు.

అభ్యాసము

1. పని సంఖ్య 61458 వచ్చినది. ఇది మౌస్ వలన వచ్చినదా, మెనూ వలన వచ్చినదా? కారణము తెలుపుడు.

2. రెండవ మార్గముతో ఒక విండోను నిలిపి, బటన్ నొక్కగానే అది మరల కదలునట్లు స్క్రిప్టు వ్రాయుడు.

3. మీ స్క్రిప్టును ప్రయోగశాలలోని అన్నిటికంటె చిన్న తెరగల కంప్యూటరు మీద నడపి, ప్రతి బటన్ కనబడుచున్నదో లేదో పరిశీలింపుడు. ఒక్క బటన్ కనబడకున్నను ఆ విండోను బిగింపకుడు. ముందు దాని కొలత సరిచేయుడు.