జాతి పిల్లి, గల్లీ పిల్లి: కామాఠిపుర చాల్‌లో ఒక చర్చ

నాటుకోడి అంటే ధర ఎక్కువ. నాటుపిల్లి అంటే అసలు ధరే లేదు. ఒకే మాట కోడికి గౌరవం తెచ్చి, పిల్లికి చిన్నచూపు ఎట్లా తెచ్చింది? పోయిన సెలవుల్లో ముంబైలో మా అమ్మమ్మ వాళ్లింట్లో జరిగిన ఒక చిన్న గొడవ వల్ల ఈ సందేహం వచ్చింది.

అమ్మమ్మ వాళ్లు ఉండేది కామాఠిపురలో. ఆ పేరు వినగానే చాలామంది ముఖం అదోలా పెడతారు. కానీ అది తెలంగాణ ప్రాంతం నుంచి కట్టడం పనులకు వెళ్లిన కామాఠీల పేరు మీద వచ్చిన పేట. అక్కడి చాల్‌లో అంతస్తుకు వరుసగా గదులు, వాటి ముందు పొడుగాటి గ్యాలరీ ఉంటాయి. పిల్లి ఏ ఒక్క గదిదీ కాదు, గ్యాలరీది. ఒక గదిలో చేప తల తింటుంది, ఇంకో గదిలో పాలు తాగుతుంది, మూడో గదిలో మంచం కింద ఈనుతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఆ ఏడిళ్లూ అక్కడ ఒకే అంతస్తులో దొరుకుతాయి.

మా మరదలు క్రాఫర్డ్ మార్కెట్‌లో పర్షియన్ పిల్లికూనను చూసి వచ్చింది. “నానమ్మా, కొనుక్కుందాం” అని పట్టు పట్టింది.

“గ్యాలరీల తిరిగేది పిల్లి గాదా మల్ల?” అంది అమ్మమ్మ.

“అది మిక్స్ బ్రీడ్ నానమ్మా!”

నాకు అక్కడే అనుమానం వచ్చింది. కలవాలంటే ముందు విడివిడిగా జాతులు ఉండాలి కదా. పిల్లి మనుషుల పక్కన చేరి దాదాపు పదివేల ఏళ్లు అయింది. జాతుల పట్టికలు మాత్రం ఎక్కువగా గత 150 ఏళ్లలో తయారైనవే. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వైర్ పిల్లుల ప్రదర్శన పెట్టాడు. ఆ తర్వాతే చెవి ఇట్లా ఉండాలి, ముక్కు ఇంతే ఉండాలి అనే నియమాలు, వంశావళి కాగితాలు బలపడ్డాయి. గల్లీ పిల్లి ఆ జాతులు కలిసి పుట్టింది కాదు, వాటికంటే ముందుది. ఇంకా చెప్పాలంటే, కాగితం లేకుండా అమ్మే బొచ్చు కూనలకే ‘మిక్స్’ అనే మాట ఎక్కువ సరిపోతుంది.

ఇంకో తమాషా ఉంది. ‘బాంబే’ అనే పేరుతో ఒక జాతి పిల్లి ఉంది. నిగనిగలాడే నల్లది. 1950లలో అమెరికాలోని కెంటకీలో నిక్కీ హార్నర్ అనే ఆవిడ బర్మీస్ పిల్లిని, నల్ల అమెరికన్ షార్ట్‌హెయిర్‌ను కలిపి దాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశపు నల్ల చిరుతలా ఉండాలని ఆమె కోరిక, అందుకే ఆ పేరు. అంటే కావాలని కలిపి చేసింది జాతి పిల్లి అయింది, బొంబాయిలోనే పుట్టింది మిక్స్ అయింది!

అయితే మా మరదలిది ఉత్త సరదా అని కొట్టిపారేయలేను. పర్షియన్ పిల్లి నెమ్మది, ఎగిరి దూకడం తక్కువ, ఒక్క గదిలో ఉండగలదు. చాల్ గదికి అది మంచి గుణమే. చిక్కు దాని శరీరంలో ఉంది. చప్పిడి ముఖం వల్ల కళ్ల నీళ్లు కారుతుంటాయి, ఉక్కపోతలో ఊపిరి కష్టమవుతుంది. బొచ్చు రోజూ దువ్వాలి, లేకపోతే ఉండలు కడుతుంది. మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య వ్యాధి ఈ జాతిలో ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఒక్కదానికి ఆ జన్యువు ఉన్నా, పుట్టే ప్రతి కూనకూ సగానికి సగం ప్రమాదం. జన్యుపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. బజార్లో కూనను చేతిలో పెట్టేవాళ్లను ఆ పరీక్ష కాగితం అడిగి చూడండి, నవ్వుతారు. స్కాటిష్ ఫోల్డ్ సంగతి మరీ బాధ. దాని చెవిని ముద్దుగా మడిచే జన్యువే ఎముకల కీళ్లనూ పాడుచేస్తుంది.

గల్లీ పిల్లికి ఇట్లాంటి వంశపు జబ్బులు తక్కువ, కారణం దగ్గర సంబంధాల్లోనే జత కట్టించే పని లేకపోవడం. అంతమాత్రాన దానికి ఏ రోగమూ రాదనుకోవద్దు. టీకా లేకపోతే పాన్‌ల్యూకోపీనియా ఈతకు ఈతనే తుడిచిపెట్టగలదు. రేబిస్ టీకా కూడా తప్పదు. చూలు రెండు నెలలే కాబట్టి ఏడాదికి రెండు మూడు ఈతలు సులభం. ఆపరేషన్ చేయించకపోతే గ్యాలరీ నిండా కూనలే.

బొంబాయికి పిల్లి విలువ కొత్తగా చెప్పక్కర్లేదు. 1896లో ప్లేగు వచ్చి పడ్డ నగరం అది. 1908లో ఆండ్రూ బుకానన్ అనే వైద్యాధికారి పిల్లులు ప్లేగును అడ్డుకుంటాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పిల్లికీ ప్లేగు సోకుతుందన్నది వేరే మాట. ఏదేమైనా ఎలుకలు పట్టడానికి వంశావళి అవసరం లేదు.

ఇప్పుడు అసలు దిగులు వేరు. కామాఠిపుర పాత కట్టడాలు కూల్చి కొత్తవి కట్టే పథకం మ్హాడా చేపట్టింది. ఎవరి ఫ్లాటు వాళ్లకు వస్తుంది, తలుపులు మూసుకుంటాయి. గ్యాలరీ పోతే గ్యాలరీ పిల్లి ఎవరి లెక్కలోకి వస్తుంది?

మా మరదలు పర్షియన్ ఆశ పూర్తిగా వదల్లేదు. కానీ గ్యాలరీలో తిరిగే మూడు రంగుల పిల్లికి (మూడు రంగులంటే దాదాపు ఎప్పుడూ ఆడదే) ఆపరేషన్, టీకాల కోసం గది గదికీ తిరిగి డబ్బులు పోగుచేస్తోంది. నేను వచ్చేనాటికి తొమ్మిది గదులు ఇచ్చాయి. మిగిలినవాళ్లు, “అది మాది కాదు కదా” అన్నారట. వాళ్లలో ఇద్దరి గదుల్లో అది రోజూ పాలు తాగుతుంది.