పంచిన కొమ్మ

తిరుమలకు పుష్పమండపమని పేరు. ఆ పేరునకు తగిన తోట యొకటి శ్రీ వేంకటేశ్వరుని ఆలయమునకు వెనుక కలదు. రామానుజాచార్యుల శిష్యుడైన అనంతాళ్వారు గురువు మాట శిరసావహించి, కొండపై నివసించి, స్వామి పూమాలల కొరకు దానిని పెంచెను. నీటి కొరకు ఆయన గునపముతో చెరువు త్రవ్వుచుండగా, నిండు చూలాలైన భార్య మన్ను మోసెనని పెద్దలు చెప్పుదురు. ఆ గునపమును ఆలయ మహాద్వారమున నేటికిని చూడవచ్చును. తోట యనగా పూలు మాత్రమే కాదు, వానిని పెంచు చేతులు కూడ.

అట్టి చేతులు లేనిదే నిలువని పూవు గులాబి. మన చిత్తూరు సీమలో దీనిని రోజా యందురు. పన్నీరు రోజాకు రేకులు మెత్తన, పరిమళము మిక్కుటము. కాని కోసిన కొలది సేపటికే వాడిపోవును. దూరపు అంగళ్లకు పంపువారు వాడని పూలనే కోరుదురు. కావున పెరళ్లలో సంకరజాతులు పెరిగి, పాతవి తగ్గుచున్నవి. 1867లో ఫ్రాన్సు దేశమున ‘లా ఫ్రాన్స్’ అను సంకర గులాబి వెలువడెను. అంతకు పూర్వమే యున్న తరగతులను పాత గులాబీలని వ్యవహరింతురు.

గులాబి గింజను నాటినచో గులాబియే మొలచును. కాని తల్లిచెట్టు పూచిన పూవునే అది పూయునను నమ్మకము లేదు. ఆ రంగు, ఆ వాసన అట్లే నిలువవలెనన్న దాని కొమ్మను నాటవలెను, లేదా అంటు కట్టవలెను. ఒక్క చెట్టే మిగిలి, అదియు ఎండినచో ఆ రకము లోకమునుండియే పోవును. పదిమందికి కొమ్మలిచ్చిన వాని చెట్టు ఎండినను, పొరుగు పెరటిలో ఆ గులాబి బ్రతికియే యుండును.

ఈ సత్యమును గ్రహించినవారు ఇతర దేశములందును కలరు. అమెరికాలోని సాన్ హోసే నగరమున, విమానాశ్రయమునకు చేరువనున్న ఇండ్లను తొలగింపగా కొంత నేల ఖాళీ యయ్యెను. 1995లో పురజనులు అచ్చట పాత గులాబీల తోటను నాటిరి. అందు 3,000కు పైగా చెట్లను పెంచిరి. కొమ్మలు కత్తిరించుట, కలుపు తీయుట మొదలగు పనులను వేతనము కోరని సేవకులు చేయుదురు.

బాలలారా! ఈ పనికి గొప్ప ధనము అక్కరలేదు. వానలు పడు దినములలో పెన్సిలంత లావుగల ముదురు కొమ్మను జానెడు పొడవున, కన్నుకు దిగువగా కత్తిరింపుడు. రెండు కన్నులు మట్టిలో నుండునట్లు నాటి, నీడలో నుంచి, తడి ఆరనీయకుడు. చిగురు కనబడగానే పెరికి చూడరాదు. వేరు చిగురు కంటె ఆలస్యముగా వచ్చును. అది నిలదొక్కుకొనిన పిదప పాఠశాల తోటలో ఒకటి నాటి, తక్కినవి ఇరుగుపొరుగులకు పంచిపెట్టుడు. దాచిన గులాబి దాచినవానితోనే పోవును. పంచిన గులాబి ఊరిలో నిలుచును.