పెరటి పందిరిలో మల్బరీ నారు: నీళ్లెన్ని, ఎరువెంత?



మన సరిహద్దు ఊళ్లలో ఈ మొక్కకు పేర్లు మూడు. చింతామణి, శ్రీనివాసపురం వైపు కన్నడంలో హిప్పునేరళె అంటారు. హోసూరు, డెంకణికోట వైపు తమిళంలో ముసుక్కొట్టై అంటారు. మన ఇళ్లలో మల్బరీ అనే అంటాం. పేరేదైనా, బాగా నాటుకున్న తోట పదిహేనేళ్ల వరకు ఆకునిస్తుంది. నారులో జరిగిన తప్పు కూడా అన్నేళ్లూ మనల్ని వదలదు. చాకీ పురుగు బాగుంటే పంట సగం చేతికొచ్చినట్టే అని మీకు తెలుసు. తోటకు నారు కూడా అలాంటిదే.

జూన్, జూలై వానలకు తోట నాటాలంటే నారు ఫిబ్రవరి చివర, మార్చిలోనే పెట్టుకోవాలి. నారు ఎదగడానికి మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. అంటే లేత మొక్క పెరిగేది సరిగ్గా మండు వేసవిలో. అందుకే ఈ మధ్య చాలామంది ఇంటి పెరట్లో, బావికో కుళాయికో దగ్గరగా, షేడ్‌నెట్ పందిరి వేసి పాలిథిన్ సంచుల్లో నారు పెంచుతున్నారు. ఇది మంచి పద్ధతి. అయితే పందిరి కింద నీళ్ల లెక్క, ఎరువు లెక్క బయటి మడికి ఉన్నట్టు ఉండవు.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతుకు, "ఎండాకాలం కదా, రోజూ తప్పకుండా నీళ్లు పెట్టండి" అని చెప్పి వచ్చాను. ఆయన నెట్ వేసుకున్న సంగతి నేను పట్టించుకోలేదు. ఇంటావిడ నా మాట నమ్మి రోజుకు రెండుసార్లు తడిపింది. నెల తిరిగి వెళ్లేసరికి మొక్కలు వాడి ఉన్నాయి. సంచి చింపి చూస్తే మన్ను బురద, కొమ్మ అడుగు నల్లగా కుళ్లింది. ఆ ఏడు వాళ్లు తోట నాటలేకపోయారు, అప్పు చేసి కట్టిన పురుగుల ఇల్లు ఖాళీగా ఉండిపోయింది. అప్పటినుంచి నేను "రోజూ నీళ్లు పెట్టండి" అనను, "రోజూ చూడండి" అంటాను.

ఎన్ని మొక్కలు, ఎంత చోటు?

మూడడుగులకు ఒకటి చొప్పున అర ఎకరంలో 2,420 మొక్కలు పడతాయి. చచ్చేవి, బలహీనమైనవి పోను సరిపడా 3,000 సంచులు పెట్టుకోవాలి. మన్ను నింపాక నాలుగు అంగుళాల వెడల్పుండే సంచులు చదరపు అడుగుకు 9 పడతాయి. నడిచే దారులతో కలిపి 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు పందిరి చాలు. సగం ఎండ ఆపే నెట్ సరిపోతుంది. పక్కలు పూర్తిగా మూసేయకండి, గాలి ఆడాలి.

సంచిలో మన్ను

ఎర్రమన్ను, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపాలి. చేత్తో పిడికిలి పట్టినప్పుడు వేడిగా తగిలే ఎరువు ఇంకా చివకలేదని గుర్తు. అది వేస్తే వేర్లు మాడతాయి, చెదలు వస్తాయి. ఎరువులో ట్రైకోడెర్మా పొడి, వేపపిండి కలిపి కొన్నాళ్లు నీడలో ఉంచి వాడితే వేరుకుళ్లు తగ్గుతుంది.

ఇక ముఖ్యమైన మాట. టమాటా, వంకాయ వేసిన చేలో మన్ను సంచులకు ఎత్తకండి. ఆ పంటల వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగే మల్బరీకీ పడుతుంది. మన ప్రాంతంలో టమాటా వేయని చేను వెతుక్కోవాల్సిందే, అయినా వెతకండి. ఆ పురుగు సంచిలో చేరితే దాన్ని మీ చేతులతోనే తోటంతా నాటినట్టు. వేరుకుళ్లు ఉన్న తోట నుంచి కొమ్మలు తీసుకోకండి, అలాంటి తోట నుంచి పారే నీళ్లు నారుకు పట్టకండి. సంచి అడుగున, పక్కల రంధ్రాలు తప్పనిసరి. రంధ్రం లేని సంచిలో ఎంత జాగ్రత్తగా పోసినా నీరు నిలుస్తుంది.

చిగురు వచ్చింది, వేరు వచ్చిందా?

వి-1 వంటి రకాల్లో ఆరు నుంచి ఎనిమిది నెలల వయసున్న, పెన్సిలు లావు కొమ్మలను ఎంచుకుని, మూడు నాలుగు కన్నులుండేలా 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఒక కన్ను పైకి కనబడేలా నాటాలి. పది పన్నెండు రోజుల్లో చిగురు వస్తుంది. అది చూసి మొక్క పట్టుకుంది అనుకుంటాం. అక్కడే పొరపాటు పడతాం. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న ఆహారంతో వచ్చింది. అప్పటికి కింద వేరు లేదు. వేరు సరిగా పట్టడానికి సుమారు నెల పడుతుంది. వేరు లేని మొక్కకు ఎక్కువ నీరు పోస్తే తాగలేదు, యూరియా వేస్తే తినలేదు. మొదటి నెల మన పనల్లా మన్ను ఆరిపోకుండా, బురద కాకుండా చూడడమే.

నీళ్ల పరీక్షలు

ఒకటి: పొద్దున్నే నాలుగైదు చోట్ల సంచిలో అంగుళం లోతు మన్ను తీసి పిడికిట్లో నొక్కండి. ముద్దగా నిలిచి, వేళ్లకు నీరు అంటకపోతే ఆ పూట నీళ్లు వద్దు. పొడిగా రాలిపోతే పోయండి. వేళ్ల సందున నీరు కారితే రెండు రోజులు ఆగండి.

రెండు: తడిపిన సంచిని ఒకసారి చేత్తో ఎత్తి బరువు గుర్తుపెట్టుకోండి. తేలికైనప్పుడు చెయ్యే చెబుతుంది. నాలుగు రోజుల్లో పిల్లలకు కూడా ఇది అలవాటవుతుంది.

సంచికి 100 మిల్లీలీటర్లు చొప్పున 3,000 సంచులకు ఒక తడికి 300 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెతో 20 బిందెలు. గొట్టంతో ధారగా కొట్టకుండా రోజ్‌క్యానుతో పోయండి. ధార కొడితే కొమ్మ కదులుతుంది, అప్పుడే వస్తున్న వేరు తెగుతుంది. ఎండలో పడి ఉన్న నల్ల పైపులోంచి మొదట వచ్చేవి వేడి నీళ్లు. వాటిని పక్కకు వదిలి, చల్లబడ్డాక పట్టుకోండి. నీళ్లు పోయడానికి ఉదయమే మంచిది. సాయంత్రం పోస్తే ఆకు రాత్రంతా తడిగా ఉండి ఆకుమచ్చ తెగులు ముదురుతుంది.

ఆకు పెరిగిన కొద్దీ సంచి త్వరగా తేలికవుతుంది. అప్పుడు తడులు పెంచండి. మబ్బు పట్టినా, వాన పడినా ఆపండి.

వాడిన మొక్కను ఎలా చదవాలి?

మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ దెబ్బ. సంచి బరువు చూసి, తేలికైతేనే నీళ్లు పోయాలి. పొద్దున్నే వాడి ఉండి మన్ను తడిగా ఉంటే అది వేరు కుళ్లు. అప్పుడు నీళ్లు పోస్తే మిగిలిన ప్రాణం కూడా పోతుంది. ఆ సంచులను వెంటనే వేరుచేసి, పక్క సంచులకు తడి తగ్గించండి. కుళ్లినవాటిని దిబ్బలో వేయకుండా కాల్చేయండి.

ఎరువు ఎప్పుడు, ఎంత?

మొదటి నెలన్నర పైఎరువు ఏమీ వద్దు. మిశ్రమంలోని పశువుల ఎరువే చాలు. నేల మడిలో పెంచే నారుకు 55 నుంచి 60 రోజుల మధ్య, కలుపు తీసేటప్పుడు చదరపు మీటరుకు 50 గ్రాముల యూరియా వేయమంటారు. అంత చోటులో సుమారు 95 కొమ్మలుంటాయి కాబట్టి మొక్కకు అర గ్రాము కంటే కాస్త ఎక్కువ పడుతుంది. సంచుల్లోనూ మొక్కకు అర గ్రాము మించకండి. దాన్ని కూడా రెండు విడతలు చేసి, ఒకటి 45 రోజులకు, రెండోది 60 రోజులకు ఇవ్వండి.

లీటరు నీటికి 5 గ్రాముల యూరియా కరిగించి సంచికి 50 మిల్లీలీటర్లు మొదట్లో పోయండి. మన్ను ముందే తడిగా ఉండాలి. 3,000 సంచులకు 150 లీటర్ల నీరు, 750 గ్రాముల యూరియా సరిపోతుంది. రెండు విడతలకూ కలిపి కిలోన్నర. 45 కిలోల బస్తాలో ఇది 30వ వంతు మాత్రమే. బస్తా ఇంట్లో ఉంది కదా అని గుప్పెడు గుప్పెడు చల్లితే రెండు రోజుల్లో ఆకుల అంచులు మాడిపోతాయి.

ఆకు పచ్చబారితే వెంటనే యూరియా వైపు చూడకండి. కింది ముదురాకు మొత్తం పాలిపోతే నత్రజని తక్కువైందని గుర్తు. పైన లేతాకు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. ఉప్పు, సున్నం ఎక్కువున్న బోరునీళ్లకు, మరీ తడిగా ఉన్న మన్నుకు ఇలా అవుతుంది. దీన్ని యూరియా మాన్పదు. తడి తగ్గించండి. సంచి పైన తెల్లటి పొక్కు కడితే మంచి నీళ్లు అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా ఒకసారి పోసి, తర్వాత బాగా ఆరనివ్వండి. వాననీళ్లు పట్టుకోగలిగితే నారుకు వాటిని మించినవి లేవు.

పందిరి విప్పడం

నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో నాటితే తట్టుకోలేదు. నాటడానికి మూడు వారాల ముందు నుంచి నెట్‌ను ఉదయం, సాయంత్రం తీయండి. రెండో వారం మధ్యాహ్నం మాత్రమే కప్పండి, మూడో వారం పూర్తిగా తీసేయండి. ఈ రోజుల్లో తడుల మధ్య దూరం పెంచండి, యూరియా అసలు వద్దు. కొమ్మ గోధుమ రంగుకు తిరిగి, సంచి రంధ్రాల్లో తెల్లవేర్లు కనబడితే నారు సిద్ధం. నాటేముందు పది సంచులు చింపి వేర్లు చూడండి. బుడిపెలు కనబడితే ఆ వరుస మొత్తం వదిలేయండి. మనసొప్పదు, కానీ వదిలేయండి.

నారుకు చెదల మందు, తెగులు మందు కొట్టి ఉంటే, ఆ మొక్కల ఆకు గిల్లి పురుగులకు వేయకండి. మందు కొట్టిన చేతులతో పురుగుల ఇంట్లోకి వెళ్లకండి.

నీళ్ల పని మన ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్లదే. కాబట్టి ఈ కరపత్రాన్ని మగవాళ్లు చదివి మడిచి జేబులో పెట్టుకోకుండా, నీళ్లు పోసే మనిషికి చదివి వినిపించండి. అనుమానముంటే మొక్కతో, మన్నుతో సహా ఒక సంచిని తీసుకుని మీ దగ్గరలోని పట్టు పరిశ్రమ శాఖ సాంకేతిక సేవా కేంద్రానికి రండి. మొక్కను చూసే సలహా చెబుతాం.